హోల్డర్ అన్నచోట ఎవరి పేరు?

ఇన్సూరెన్స్ ఆఫీసులో సర్టిఫికెట్లు రాసే అమ్మగారికి, పెయింటర్ నమస్కరించి రాయునది.

ఒక పెద్ద బిల్డింగుకి బయటి గోడల పని కుదిరింది. నాకు ఇన్సూరెన్స్ ఉన్నట్టు మీ సర్టిఫికెట్ వచ్చేదాకా గోడకి నిచ్చెన కూడా ఆనించనివ్వమంటున్నారు. మీరు పంపిన ఫారమంతా నింపాను గానీ ‘హోల్డర్’ అన్నచోట ఆగిపోయాను. మా ఇంట్లో రెండు హోల్డర్లున్నాయి. వంటింట్లోది బాగానే ఉంది, ముందుగదిలోది వదులైంది. ఏది రాయమంటారు?

ఇట్లు,
పెయింటర్.

తా.క.: మనిషిని పంపి చూసుకుంటామన్నా సరే. నేను ఇంట్లోనే ఉంటున్నాను, వేరే ఎవరూ రారు.

*

పెయింటర్ గారికి,

మేము అడిగింది బల్బు హోల్డర్ కాదు. హోల్డర్ అంటే సర్టిఫికెట్ ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లు. పేరూ అడ్రసూ రాసి పంపండి.

ఇట్లు,
సర్టిఫికెట్ల గుమాస్తా.

తా.క.: వదులైన హోల్డర్ ప్రమాదం, మార్పించుకోండి. ఇది ఆఫీసు మాట కాదు.

*

గుమాస్తా అమ్మగారికి,

పట్టుకునే మనిషంటే నాకు ఉన్నది ఒక్కతే, మా ఆవిడ. నేను పైన రంగు వేస్తుంటే కింద నిచ్చెన పట్టుకునేది. చుక్క మీద పడితే తిట్టేది, పడకపోతే నిద్రపోయావా అనేది. నిరుడు పోయింది. నిచ్చెన పట్టుకునేవాళ్లే లేరు, కాగితం పట్టుకునే మనిషిని ఎక్కణ్ణుంచి తేను? ఆవిడ పోయాక ఇదే మొదటి పెద్ద పని. ఇదీ చేజారితే మళ్లీ ఇంట్లో కూర్చోవాలి, అది నావల్ల కాదు. మా ఇంటి గోడలకి ఇప్పటికే రెండుసార్లు రంగు వేశాను. గోడకి చెప్పుకున్నట్టు అంటారే, నేను నిజంగానే చెప్పుకుంటున్నాను. సర్టిఫికెట్ నేనే పట్టుకుంటానంటే ఒప్పుకుంటారా? ఒక చేత్తో బ్రష్షు, ఇంకో చేత్తో కాగితం.

ఇట్లు,
పెయింటర్.

తా.క.: అప్పుడు నిచ్చెన దేనితో పట్టుకోవాలో మీరే చెప్పాలి.

*

బాబాయ్ గారికి,

పిన్నిగారి సంగతి తెలియక రాశాను, బాధపడ్డాను. విడమరిచి చెబుతాను వినండి. మీ రంగు డబ్బా జారి కింద ఎవరి కారు మీదో పడిందనుకోండి, ఆ నష్టం మీ పాలసీ చూసుకుంటుంది. ‘ఈయనకి పాలసీ ఉంది, భయపడకండి’ అని బిల్డింగువాళ్లకి మేము రాసిచ్చే కాగితమే సర్టిఫికెట్. దాన్ని అందుకునేవాళ్లే హోల్డర్. అంతమాత్రాన వాళ్లకి పాలసీలో హక్కేమీ రాదు. హక్కు కావాలంటే పాలసీలోనే వాళ్ల పేరు వేరుగా చేర్పించుకోవాలి. హోల్డర్‌కి దక్కేది, మీకు పాలసీ ఉందన్న కబురు ఒక్కటే. ఆ బిల్డింగువాళ్ల పేరు నేనే రాసి, సర్టిఫికెట్ నేరుగా వాళ్లకే పంపుతున్నాను.

ఇట్లు,
గుమాస్తా.

తా.క.: నిచ్చెనకి ఒక మనిషిని పెట్టుకోండి. మీవల్ల ఎవరికైనా నష్టమైతే మా పాలసీ డబ్బిస్తుంది గానీ, మీరు పడితే వచ్చి పట్టుకోదు.

*

అమ్మాయికి,

ఇప్పుడు బుర్రకెక్కింది. హోల్డర్‌కి పైసా రాదు, నా కబురు మాత్రం అందుతుంది. అలాగైతే బిల్డింగువాళ్ల పేరు కొట్టేసి మా తమ్ముడి పేరు రాయమ్మా. మేమేమీ పోట్లాడుకోలేదు, ఊరికే మాటలు తగ్గిపోయాయి. ఫోన్ చేస్తే పనిలో ఉన్నానంటాడు. ఆఫీసు కాగితం వెళ్తే చదవక చస్తాడా?

ఇట్లు,
బాబాయ్.

తా.క.: ముద్ర కాస్త గట్టిగా కొట్టు.

*

బాబాయ్ గారికి,

కుదరదు. మీకు పని ఇచ్చి, సర్టిఫికెట్ అడిగినవాళ్లకే ఇస్తాం. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇన్సూరెన్స్ కంపెనీ అసలే పెట్టదు. మీ తమ్ముడు మీ గురించి అడిగారా? బిల్డింగువాళ్లకి కాగితం ఎప్పుడో చేరింది. మీరింకా పని మొదలుపెట్టలేదేమో, అది కాస్తా వేరేవాళ్లకి పోతుందేమో అని నాకు దిగులుగా ఉంది. వెంటనే వెళ్లండి. మీ ఫైలు మూసేస్తున్నాను, ఇక మీరు రాయనవసరం లేదు.

ఇట్లు,
గుమాస్తా.

తా.క.: తమ్ముడి మాట కటువుగా వచ్చింది, ఏమీ అనుకోకండి. ఈ బల్లకి ఉత్తరాలు రాసేది మీరొక్కరే. మిగతావాళ్లు కంప్యూటర్‌లో అడిగి కంప్యూటర్‌లోనే తీసుకుంటారు.

*

అమ్మాయికి, బాబాయ్ దీవించి రాయునది.

దిగులు పెట్టుకోకు. పని ఎప్పుడో మొదలుపెట్టాను, సగం బిల్డింగు అయిపోయింది కూడా. తమ్ముడి పేరు రాయమన్న ఉత్తరం ఆ బిల్డింగు పిట్టగోడ మీద కూర్చునే రాశాను. మొదటి ఉత్తరం నిజంగా తెలియకే రాశాను. రెండోది సగం తెలిసి రాశాను. తమ్ముడిది మాత్రం అంతా తెలిసే రాశాను. సాయంత్రం తాళం తీస్తే తలుపు కింద నీ ఉత్తరం ఉంటుందన్న ఆశ అలవాటైపోయింది, ఏం చెయ్యను?

తమ్ముడు అడిగాడా అన్నావు. అడగలేదమ్మా. నా గురించి దిగులుగా ఉందని రాసింది నువ్వొక్కదానివే.

ఇట్లు,
బాబాయ్.

తా.క.: వచ్చే నెల ఒక బడికి రంగులు వెయ్యాలి. వాళ్లకీ సర్టిఫికెట్ కావాలట. ఫైలు తెరిచి, సర్టిఫికెట్‌లో ఏదో ఒక తప్పు రాసి నాకు పంపు. దిద్దమని నీకు ఉత్తరం రాసుకుంటాను.