మక్ మినా పెరట్లో పసుపు రంబుటాన్

1934 జూలై 3

బడి తోట సంఘంలోకి తీసుకున్నారు. నన్ను. మార్కుల్లో ముందున్నవాళ్లనే తీసుకుంటారని తెలుసు గానీ, తోట మాస్టరు నా పేరు పిలిచేదాకా నమ్మకం లేదు. చొక్కా కాలరు మీద ఆకుపచ్చ దారంతో కుట్టిన చిన్న ఆకు. హాస్టల్లో పక్క మంచం యూసుఫ్ నిరుడే చేరినాడు సంఘంలో. నా కాలరు సరిచేసి — "ఇంక గొప్పు తవ్వమంటే తప్పించుకోలేవు, నాయుడూ."

బాగన్ దాతుక్ ఎస్టేటులో ఉన్న అయ్యకి చెబితే ఏమంటాడో తెలుసు. "సెట్లు నాటడానికి సంఘవేటిరా?"

జూలై 5

శనివారం కువాలా సెలంగోర్ ప్రయాణం. అక్కడ మక్ మినా అనే ముసలావిడ పెరట్లో పసుపు రంబుటాన్ పండ్ల చెట్టు ఉందట. కండ గింజకి అంటుకోదు. మంచి తీపి. ఆ పెరట్లోంచే మురుగుకాలువ తవ్వుతారట, చెట్టు కొట్టేస్తారు. ఈలోగా కొమ్మలు తెచ్చి ఇక్కడి మొలకల మీద అంటు కట్టాలి. సంఘంలోనే ఉన్న కిమ్ సెంగ్ సాయంత్రమంతా కత్తి నూరుతూనే ఉన్నాడు. వాడికి కత్తి అప్పగిస్తే అన్నం కూడా గుర్తుండదు.

జూలై 7

యూసుఫ్ చెట్టు మీంచి పడ్డాడు.

ఇంకేమీ రాయలేను.

జూలై 8. ఎస్టేటు ఆసుపత్రి వరండా

ఇప్పుడు రాయగలను.

నిన్న మక్ మినా ముందే చెప్పింది — "పైన ఎర్రచీమల గూళ్లున్నాయి, పొగ పెట్టి ఎక్కండి." మాస్టరు సరేనన్నాడు. పొగ పెట్టినాం. పొగ ఆరకుండానే యూసుఫ్ ఎక్కేసినాడు, కంపాంగ్‌లో, పల్లెలో పుట్టినవాడు కదా. మంచి మంచి కొమ్మలు కోసి కిందకి వేస్తున్నాడు. ఉన్నట్టుండి రెండు చేతులతో మెడ దులుపుకున్నాడు. రెండు చేతులూ... అంతే.

కాలు వంకరగా ఉంది. కళ్లు మూసుకునే ఉన్నాయి. ఎవరిదో ఎద్దుబండిలో కొబ్బరి ఎస్టేటు ఆసుపత్రికి తెచ్చినాం. దారిలో కళ్లు తెరిచినాడు. నన్ను చూసి వాళ్ల తమ్ముడి పేరు పెట్టి పిలిచినాడు. మాస్టరుని చూసి ఎవరన్నాడు. ఆ మాట కన్నా కాలు విరగడమే నయమనిపించింది నాకు. డ్రెస్సరు కాలికి బద్దలు కట్టి — "ఎముక అతుక్కుంటుంది. తల సంగతి రేపు చూడాలి."

కొమ్మలు వాడిపోకుండా అరటి డొప్పల్లో చుట్టుకుని మాస్టరూ కిమ్ సెంగూ సాయంత్రం బస్సుకి వెళ్లిపోయినారు. నేనుంటానన్నాను.

ఈ పొద్దున వరండా ఊడుస్తున్న ఒకావిడ, పైడమ్మత్తట, నేను నాలో నేను తెలుగులో గొణుక్కుంటుంటే విన్నాది. చీపురు ఆపి — "ఓలమ్మ, మనోడివేనేటి బాబూ? ఏ ఎస్టేటు?" చెప్పినాను. గంజి తెచ్చింది. "తాగు ముందు. నువ్వు ఎండిపోతే ఆ పిల్లోడికేటి లాభం?" తాగినాను. గంజి వేడికో ఏమో, కళ్లలో నీళ్లు.

గ్లాసు కడుగుతుంటే లోపల్నుంచి పిలుపు.

"నాయుడూ, ఆ ఏడుపు మొహమేమిటి? చచ్చిపోలేదులే."

నాయుడూ అన్నాడు. నా పేరే.

పరిగెత్తి వెళ్లి మంచం అంచు పట్టుకుని నిలబడ్డాను. మాస్టరు పేరు అడిగినాను, చెప్పినాడు. మన బడి ఎక్కడ, చెప్పినాడు. ఇంకా అడగబోతే — "పరీక్ష చాలు, నీళ్లివ్వు."

మధ్యాహ్నం మక్ మినా నడిచి వచ్చింది, అన్నం, ఎండుచేప వేపుడు పట్టుకుని. యూసుఫ్ కాలికి కట్టిన బద్దలు తడిమి చూసింది. తర్వాత — "ఆ చెట్టు మా ఆయన నాటినాడు. ఎవరికీ కీడు చెయ్యలేదు ఇన్నాళ్లూ." యూసుఫ్ ఆమె చెయ్యి పట్టుకుని, తప్పు చీమలదని చెప్పినాడు. నవ్వింది. నేనూ.

జూలై 10

బడికి తిరిగొచ్చినాను. యూసుఫ్ ఇంకొన్నాళ్లు అక్కడే. మాస్టరూ కిమ్ సెంగూ కట్టగా మిగిలిన కొమ్మలకి నేను అంటు కట్టినాను.

జూలై 12

సంఘం ప్రయాణాలు ఆపేస్తారట. సంఘమే ఎత్తేస్తారట. భోజనాల గదిలో అందరిదీ ఇదే మాట.

జూలై 14

ఆపలేదు. ప్రిన్సిపాలు మమ్మల్ని నిలబెట్టి చీవాట్లు పెట్టినాడు — ఇకమీదట నిచ్చెన లేకుండా ఎవరూ చెట్టెక్కకూడదు. అంతే. బయటికి రాగానే కిమ్ సెంగ్ మెట్ల మీద కూలబడి బూట్లు విప్పి, మళ్లీ తొడుక్కున్నాడు. ఎందుకో వాడికే తెలీదు.

జూలై 28

అంటు కట్లు విప్పినాం. యూసుఫ్ చంక కర్రలతో వచ్చి నారుమడి దగ్గర స్టూలు మీద కూచున్నాడు. మొదటిది — నల్లగా ఎండిపోయింది. రెండోదీ అంతే. మూడోదాని గుడ్డ నేను విప్పినాను. పచ్చగా ఉంది. గోటితో కొంచెం గీరినాను, తడి. ఆ తర్వాతవి ఎక్కువ భాగం పచ్చనివే. మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

చాన్నాళ్ల తర్వాత కడుపునిండా తిన్నాను.

జూలై 30

చెట్టు కొట్టేసినారని బస్సు డ్రైవరు చెప్పినాడు. పచ్చగా బతికినవాటిలో ఒకటి మక్ మినాకే. కాలువ అవతల చోటుందంట.

ఆగస్టు 2

యూసుఫ్ వాళ్ల నాన్న వచ్చినాడు. వరి పండించే మనిషి, నెమ్మదైనవాడు. "చదువు చాలు, ఇంటికి తీసుకెళ్తాను" అన్నాడు మాస్టరుతో. యూసుఫ్ నేల చూస్తున్నాడు. వాడు అలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

నేనే నారుమడికి తీసుకెళ్లినాను ఆయన్ని. అంటుల మధ్య గొంతుక్కూచుని ఒకదాన్ని వేలితో తాకినాడు. "ఇవి వాడు కోసిన కొమ్మలేనా?" అవునన్నాను. "కాపుకి ఎన్నేళ్లు?" "నాలుగు, పాక్ చిక్. అయిదేమో." మనం బాబాయ్ అన్నట్టే అది. వేలితో ఆ అంటు మొదట్లో మట్టి సర్దినాడు.

ఇప్పుడు సాయంత్రం. తండ్రీ కొడుకూ వరండాలో ఉన్నారు, మాటలు వినబడ్డంలేదు. యూసుఫ్ పెట్టె మంచం పక్కన ఉంది, బట్టలు సర్దే ఉన్నాయి. పెట్టెకి తాడు మాత్రం వాళ్ల నాన్న ఇంకా కట్టలేదు...