ఒకే తాడుకి ఇద్దరు

బ్రిగిడ్ పండుగ వెళ్ళిన ఐదో రోజు,
నీ కోట వాకిటి నుంచి.

నా చేతి జావ తాగి పెరిగిన ముగ్రోన్‌కి, నిన్ను పెంచిన లస్సర్ ఆశీర్వదించి రాయించేది. నువ్వూ, నీ భార్యా, ఈనబోయే నీ ఆవులూ చల్లగా ఉండాలి.

మూడు రోజులుగా నీ వాకిట్లో పస్తు కూర్చున్నా ఈ దీవెన మాత్రం మనసారా ఇస్తున్నాను. ఇది రాస్తున్నది మఠం నుంచి వచ్చిన సన్యాసి దుబాన్. రాయడానికి తెచ్చిన దూడతోలు ముక్క చిన్నది, తిట్లు తగ్గించమ్మా అని ఇప్పటికే రెండుసార్లు విసుక్కున్నాడు. నీకు చదివి వినిపించేదీ ఆయనే.

వాన వదలడం లేదు. కోట చుట్టూ పోయించిన నీ కొత్త మట్టిగట్టు నానిపోయి బురద కారుతోంది. దొర హోదా పెరిగితే కోటకి రెండో గట్టు ఉండాలి, దాన్ని కింది రైతులే పోయాలి, సరే. మా ఇంటి వంతుకి నా కొడుకు ఫెలాన్ వచ్చాడు. నెల దాటింది, తిరిగి రాలేదు. పని ఎగ్గొట్టి పారిపోయాడని నువ్వు అందరి ముందూ అన్నావు. పారిపోయినవాడు చచ్చినా వాడికి ఏడుపు లేదు, ప్రార్థన లేదు, చుట్టాలు పేరు కూడా ఎత్తరు. నా కొడుకు పారిపోలేదని ఆ నోటితోనే చెప్పు. అంతకంటే నేనేమీ అడగడం లేదు.

న్యాయం కోరి వాకిట్లో ఒకరు పస్తుంటే లోపలి దొరా ముద్ద ముట్టకూడదు కదా. నువ్వు ముట్టలేదని తెలిసింది. నీ భార్య నిన్న గట్టెక్కి, ఈ ముసలిది చావనూ చావదు, మా ఆయన్ని తిననూ తిననివ్వదు అని అరిచింది. పాపం, నిజమే. నీ కాపలావాడు మాత్రం, అవ్వా, నీ పుణ్యాన మా దొర నడుం సన్నబడిందని నన్ను నవ్వించబోయాడు. నవ్వు రాలేదు నాయనా. చిన్నప్పుడు ఒక పూట ఆలస్యమైతే కళ్ళు తిరిగి పడిపోయేవాడివి.

పెంపకానికి మా ఇంటికి పంపిన దొర బిడ్డవని నీ జావలో తాజా వెన్న వేసేదాన్ని, ఫెలాన్ జావలో పాత ఉప్పువెన్న. రివాజు అది. వాడు ఒక్కనాడూ అలగలేదు. నువ్వే నీ గిన్నె వాడి వైపు జరిపేవాడివి. సరస్సు మీది కొండచరియకి పక్షిగుడ్ల కోసం పోతానంటే ఇద్దరి నడుములకీ ఒకే తాడు కట్టి పంపేదాన్ని. ఒకడు జారితే రెండోవాడు లాగాలిరా అని చెప్పేదాన్ని. పెద్దయ్యాక కూడా ఏ ప్రమాదపు పనికైనా మీరిద్దరూ అలాగే కట్టుకుంటారని విని ఎంత మురిసిపోయానో!

ఇక్కణ్ణుంచి చూస్తే బురదనేల అవతల మా ఇంటి చుట్టూ ఉన్న చిన్న గట్టు కనిపిస్తుంది. అక్కడ పొగ లేదు. పొయ్యి ముట్టించేవాళ్ళెవరు?

నీ పెంపుడు తల్లి,
లస్సర్

మరో మాట. దీన్ని పైకి చదవకుండా నీ చెవిలో చెప్తానని దుబాన్ చేత ఒట్టు వేయించుకున్నాను. మొదటి రోజు పొద్దున, వాకిలి పక్కన కొత్త గట్టు విరిగి కందకంలో పడ్డచోట, వానకి ఒక తాడు కొస బయటపడి ఉంది. లాగితే రాలేదు. వేళ్ళతో తవ్వాను. వాడి చెయ్యి తగిలింది. మళ్ళీ మట్టి కప్పి, దాని మీదే కూర్చున్నాను. ఆ తాడు తెగలేదు ముగ్రోన్, కత్తితో కోసి ఉంది. కోసినందుకు నీ మీద పస్తు కూర్చోలేదురా. మట్టి ఇద్దర్నీ లాగేస్తుంటే, నేనక్కడ ఉంటే, నువ్వైనా మిగలాలని కోసెయ్యమనే అరిచేదాన్ని. వాణ్ణి పారిపోయాడన్నావు చూడు, అందుకు. బయటికి రా. ఆ ఒక్క మాటా చెప్పి పాలు తీసుకురా, నీ చేత్తో ఇస్తే తాగుతాను.