రెండు చుక్కలు

ప్రియమైన అక్కయ్యకి,

వారం నుంచి వాన తెరిపివ్వలేదు. పేడగుంట నిండి నీళ్ళు గేటు దాకా వచ్చాయి. పొద్దున గడ్డి మోపులన్నీ అటక మీదికి ఎక్కించాం. ఎర్రావుకి గిట్ట వాచింది, కడిగి మందు రాశాను. క్యాన్లు వ్యానెక్కించి ఇప్పుడే కూర్చున్నాను.

చేతిలో ఫోనుండగా ఇది కాగితం మీద రాస్తోందేమిటని అనుకుంటావు. ఫోనులో నేను నీకు ఏం పంపినా మా ఆయన ఫోనులో తెరుచుకుంటుంది. అందుకే కాగితం. ఈ కవరు పాలవ్యాను డ్రైవరు బొంగురన్న నీ చేతికే ఇస్తాడు. జవాబు కూడా అతనికే ఇవ్వు.

పోయిన నెల నీ దగ్గరికి బయల్దేరాను కదా. నువ్వు బస్టాండుకి వచ్చేసరికి మా ఆయన నా పక్కన నిలబడి నవ్వుతున్నాడు. "దింపడానికి వచ్చాడా, అదృష్టవంతురాలివే" అన్నావు. దింపడానికి కాదు. ఆయనతో చెప్పకుండా బస్సెక్కాను. దిగేసరికి బండికి స్టాండు వేసి నా కోసం చూస్తున్నాడు. ఆ రోజే నీకు చెబుదామనుకున్నాను. పక్కనుంచి కదల్లేదు.

మన ఆవుల మెడలకి పట్టీలు కట్టించాం, నీకు తెలుసు. ఏది ఎదకొచ్చిందో, ఏది నెమరు వెయ్యడం లేదో అవి ఫోనుకి చెబుతాయి. వాటితో పాటే నాకూ ఒకటి తెచ్చాడు, చేతికి. దానికి వేరే యాప్. మొగుడూ పెళ్ళాల కోసమట. నేను ఎక్కడున్నానో, ఎంతసేపు నిద్రపోయానో, గుండె ఎలా కొట్టుకుందో, బయట చేరేది ఎప్పుడో, పిల్లల కోసం ఏ రోజు మంచిదో అంతా అందులో పడుతుంది. మొదట్లో నాకూ ముచ్చటగానే ఉండేది. ఇప్పుడు స్నానానికి తీసినా ఆయన ఫోను మోగుతుంది. "ఏం, ఇప్పుడెందుకు తీశావ్?" అని తలుపు కొడతాడు.

పాలకేంద్రంలో అందరి ముందూ నా నిద్ర చదువుతాడు. "మా కొట్టం మొత్తానికి ఒక్కటే ఫోనురా, అన్నిటినీ అదే కాస్తుంది" అన్నాడట. నవ్వారట.

నీకు చెప్పని సంగతి ఇంకొకటుంది. వానలకి ముందు నాకు నెల తప్పింది. నాకంటే ముందు ఫోను ఆయనకి చెప్పింది, ఆయన పాలకేంద్రానికి చెప్పాడు. వెన్న శాతం కొలిచే అతను "ఏమ్మా, శుభవార్తట" అంటే అప్పుడు వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాను. తర్వాత అది నిలవలేదు. ఆయన వాళ్ళమ్మ ముందు ఫోను పెట్టి గీత చూపించాడు. "ఇదిగోనమ్మా, తౌడు బస్తా ఎత్తిన రోజు. గుండె ఎట్లా ఎగిరిందో చూడు. అదే పోగొట్టింది." ఆ బస్తా ఎత్తమన్నది అత్తే. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసి, "మనిషి చెబితే నమ్మలేం గానీ యంత్రం అబద్ధం చెప్పదు" అంది.

నేను వెళ్ళిపోదామనుకుంటున్నాను. ఎక్కడికి వెళ్ళినా నాకంటే ముందొచ్చి నిలబడతాడు. ఏం చెయ్యాలో చెప్పు.

నీ చిట్టి


చిట్టీ,

ఆసుపత్రి లాండ్రీలో ఆరబెట్టే యంత్రం ఒకటి చెడింది. దుప్పట్లన్నీ తడిగానే పడున్నాయి, అందరి చేతులూ పాసిపోయాయి. నీ ఉత్తరం సబ్బు బస్తాల చాటున నిలబడి చదివాను. చదివి బాయిలర్లో వేశాను.

బస్టాండులో నేనన్న మాటకి నా నోరు నేనే కొట్టుకోవాలి. అది పక్కన పెట్టు. వెళ్ళిపోతానంటున్నావు, ఎందుకు? ఆ ఇల్లు నాన్న కట్టాడు. ఆవుల్ని చూసుకున్నది నువ్వని నీ పేరున రాశాడు. పెట్టె ఒక చేత్తో, వాళ్ళమ్మని ఒక చేత్తో పట్టుకుని వచ్చినవాడు అతను. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకుంటామా?

వాళ్ళకి యంత్రం అబద్ధం చెప్పదు కదా. దాని చేతే చెప్పించు.

ఇంకోటి. మొగుడూ పెళ్ళాల యాప్ అన్నావు. పెళ్ళానిది మొగుడికి కనిపిస్తే, మొగుడిది పెళ్ళానికి కనిపించదా? చూశావా ఎప్పుడైనా? మీ బావకి ఇవేమీ చెప్పలేదు. చెబితే కర్ర పట్టుకుని బయల్దేరతాడు, పని చెడుతుంది.

ఉంటాను, 
అక్కయ్య


ప్రియమైన అక్కయ్యకి,

వాన తగ్గి చలి మొదలైంది. ఎర్రావు గిట్ట నయమైంది. 

నువ్వు చెప్పాక చూశాను. ఆయన చుక్క కూడా కనిపిస్తుంది. నాది ఎరుపు, ఆయనది నీలం. నాకు ఫోను చూడటం చేతకాదని ఆయన ధీమా. కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఇద్దరిలో ఎవరు మూసేసినా ఇద్దరికీ కనిపించదట. నేను మూయలేదు.

నా పట్టీ తీసి ఎర్రావు తోకకి కట్టాను. పశువుల డాక్టరు నాడి పట్టేది తోక కిందే, అక్కడ వెంట్రుక ఉండదు. దాని మీద గుడ్డ చుట్టాను. తీసి కట్టేలోపు ఆయన ఫోను ఒకసారి మోగింది. చేతులు కడుక్కుంటున్నానని కేకేశాను. పట్టీకి అందేలా నా ఫోను కొట్టంలోనే పెట్టి, పొడుగు చేతుల స్వెటరు వేసుకుని తిరుగుతున్నాను. అన్నం వడ్డించేటప్పుడు చెయ్యి ఆయన ముక్కు ముందే ఉంటుంది. ఒక్కసారి చూడలేదు.

"ఈమధ్య భలే నిదానంగా ఉంటున్నావే. గుండె కూడా దారికొచ్చింది" అని నిన్న మెచ్చుకున్నాడు. అత్త కూడా, "చెబితే వింటే అట్లాగే ఉంటుంది" అంది. ఎర్రావు ఎదకొచ్చే రోజులు దగ్గరపడ్డాయి. కాచుకుని ఉన్నాను. 

నవ్వు ఆపుకోవడం కష్టంగా ఉంది. ఆపుకుంటున్నాను.

చిట్టి


ప్రియమైన అక్కయ్యకి,

పని అయింది. ఇవాళ మంచు బాగా పడింది, వ్యాను ఆలస్యం, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఎర్రావు ఎదకొచ్చిందని దాని మెడ పట్టీ చెప్పింది. రాత్రి ఒకచోట నిలవకుండా మసిలానని నా పట్టీ చెప్పింది. రెండూ ఒకే ఫోనులో, ఒకే పొద్దున చూశాడు. అయినా తట్టలేదక్కా.

ఆయన పాలకేంద్రానికి వెళ్ళాక నేనూ వెళ్ళాను. వరసలో జనం బాగా ఉన్నారు. సూది వేసే అతను కూడా పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు, అదే, పశువులకి చూడి కట్టించే అతను.

"ఏమండీ, రాత్రి నేనెట్లా ఉన్నానో చదవండి. వీళ్ళకి రోజూ వినే అలవాటే కదా" అన్నాను.

ఆయన నవ్వాడు. "మా ఆవిడకీ సరదా పుట్టిందిరా" అని ఫోను తీశాడు. "నిద్ర లేదు. ఒకటే తిరుగుడు. ఒళ్ళు వెచ్చగా ఉంది. ఇవాళ మంచి రోజంటోంది."

"అయితే త్వరగా ఇంటికి పోవాలి" అన్నారెవరో.

నేను స్వెటరు చేతులు రెండూ పైకి లాగాను. ఆయన ఆ చెయ్యి చూశాడు, ఈ చెయ్యి చూశాడు.

"పట్టీ ఏది?"

"ఎర్రావు తోకకుంది. చలికాలం వచ్చినప్పటి నుంచీ మీరు చదువుతున్నది దాని నిద్రే."

వెన్న శాతం కొలిచే అతను చేతిలో గ్లాసు కింద పెట్టి, "ఇంతకీ మంచి రోజు ఎవరికి?" అన్నాడు. సూది అతను పెట్టె తీసుకుని లేచాడు. "నేను బయల్దేరుతానయ్యా, ఆయన ఇంటికి పోయేలోపు నేను పోవడం మంచిది." అప్పుడు పడ్డాయి నవ్వులు. గోడ పట్టుకుని నవ్వారు.

అంతటితో ఊరుకోలేదు. తౌడు బస్తా సంగతి, గీత సంగతి, మొత్తం చెప్పాను. వింటూ వింటూ కొందరు నవ్వు మానేశారు. ఆడవాళ్ళిద్దరు క్యాన్లు తీసుకుని వెళ్ళిపోయారు. చాలు, ఆపవే అని నాకే లోపల అనిపించింది. ఆపలేదు. ఆయన మొహం పాలు విరిగినట్టు అయ్యేదాకా చెప్పాను.

ఇంటికొచ్చాక "మగాడి పరువు బజార్న పెట్టావు" అంది అత్త. "యంత్రం చెప్పిందే చెప్పాను అత్తా" అన్నాను.

ఇప్పుడు ఆయన్ని ఎర్రావుగారి ఆయన అంటున్నారు. మొదట చుట్టుపక్కల వాళ్ళు, తర్వాత దాణా కొట్టువాడు, ఆ తర్వాత బిల్లు కట్టే చోట గుమాస్తా. ఆదివారం మధ్యాహ్నం పెట్టె సర్దుకున్నాడు. ఇల్లు నా పేరున ఉందని నేను గుర్తు చెయ్యాల్సిన పని పడలేదు. అత్త బుధవారం వెళ్ళింది, వాళ్ళ తమ్ముడొచ్చి తీసుకెళ్ళాడు. నా మొహం చూడలేదు. నేను క్యాన్లు తోముకుంటున్నాను.

ఇవాళ ఆకలిగా ఉంది. 

నీ చిట్టి


చిట్టీ,

నీ ఉత్తరం చదివి నవ్వితే ఇస్త్రీ చేసే ఆవిడ నాకు పిచ్చెక్కిందనుకుంది. బావకి అప్పుడే మొత్తం చెప్పాను. మనిషి నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నాడు. 

అది అప్పటి మాట. అతను వెళ్ళి ఇన్నాళ్ళయింది. నువ్వు ఇంకా కాగితం మీదే రాస్తున్నావెందుకు? ఫోను చెయ్యి. నేను చేస్తే ఎత్తవు. క్యాన్ల కోసం వచ్చినప్పుడల్లా నువ్వు ఫోను చూస్తూ కూర్చుని ఉంటున్నావని బొంగురన్న చెప్పాడు. ఒకసారి పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేదట.

ఇంకో సంగతి. మీ ఆయన కొండదారిలో పెద్ద డెయిరీలో పనికి కుదిరాడట. ఈ ఎర్రావు కథంతా రాసి ఎవరో ఆ యజమానికి పంపారట. అందరూ చదివేలా గోడకి అంటించారట. మర్నాడే మానేశాడు. బావ విని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అతను అక్కడ చేరినట్టు అప్పటిదాకా ఇక్కడెవరికీ తెలియదు. నీకెట్లా తెలిసిందే?

అతను నిన్ను కాసినట్టే నువ్వు అతన్ని కాస్తుంటే, అతను వెళ్ళిందెక్కడికి? అది మూసెయ్యి. ఇద్దరిలో ఎవరు మూసినా చాలని నువ్వే రాశావు. మూసి, ఆ చేత్తోనే నాకు ఫోను చెయ్యి. ఆదివారం దాకా చూస్తాను.

అక్కయ్య


ప్రియమైన అక్కయ్యకి,

ఎండలు ముదురుతున్నాయి. కొట్టం పైకప్పు మీద తడిగోనెలు పరిచాను. ఎర్రావు చూడి నిలిచింది. పాలు తగ్గాయి కానీ మేత బాగానే తింటోంది. పనికి ఒకావిడని పెట్టుకున్నాను.

ఫోను చెయ్యలేదని కోపం వద్దు. చేస్తే ఆయనకి తెలుస్తుంది. నేను మూయలేదు. ఆయనా మూయలేదు. మూస్తే నేను కనిపించను కదా, అందుకని మూయడు. పొద్దున లేవగానే నా చుక్క చూసుకుంటాడు, నాకు తెలుసు. నేను కొట్టంలో ఉంటాను. చూసుకోనీ.

డెయిరీకి రాసింది నేనే. అంతకు ముందు కోళ్ళఫారానికి రాసింది కూడా నేనే, అది నీదాకా రాలేదు. నువ్వు నన్ను ఆయనతో పోల్చావు. నేను ఎవరి చేతికీ పట్టీ కట్టలేదక్కా. ఆయన తెరిచిన కిటికీయే ఇది, ఇటువైపు నుంచి చూస్తున్నాను, అంతే. నేను వదిలేస్తే ఎక్కడో ఒకచోట కుదురుకుంటాడు. కుదురుకున్నాక ఇంకొకతె చేతికి పట్టీ తెస్తాడు. నిజానికి అది కూడా నాకు రెండో మాటే. ఆయన కుదురుకోకూడదు. నాకు కావలసింది అదే.

ఆ రోజు గీత చూపించేటప్పుడు ఆయన వేలు ఎక్కడ పెట్టాడో నాకు ఇప్పటికీ తెలుసు. అది మరిచిపోయిన రోజు మూస్తాను. నువ్వు ఆదివారం దాకా చూస్తానన్నావు. చూడకు.

ఆయన చుక్క ఈ నెల మొదటి నుంచీ నది అవతల విత్తనాల గోదాములో ఉంటోంది. గోదాము యజమాని భార్య మంచిదని విన్నాను. మొన్న ఆవిడ పేరున కవరు పంపాను.

నీ ఆరోగ్యం జాగ్రత్త. బావని అడిగానని చెప్పు.

నీ చిట్టి

కవరు అంటించబోతూ చూశాను. విత్తనాల గోదాము నుంచి కూడా వెళ్ళిపోయాడు, ఇవాళే, శుక్రవారం పొద్దున.