దక్షిణం వైపు గది

కొత్తపుట్టుగ,
12 నవంబరు 2017.

చిరంజీవి హరిబాబుకు వదిన అనూరాధ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ కనుక నేనూ రాస్తున్నాను. అక్కడ శృంగవరపుకోటలో నువ్వు వేళకు తింటున్నావనీ, పరంజా మీద కాలు చూసి వేస్తున్నావనీ తలుస్తాను. జేబులో ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. గోడల సంగతి ఫోనులో చెబితే ఊఁ కొట్టి మరిచిపోతావు. పైగా మీ అమ్మ చెవి ఎప్పుడూ తలుపు పక్కనే ఉంటుంది.

విషయం ఏమిటంటే, మన ఇంటికి పక్కన ఒక గది వేయాలి. ఉత్తరం వైపు నుయ్యి ఉంది. వెనక జీడిపిక్కలు ఆరబోసుకునే కళ్ళం. మిగిలింది దక్షిణం పక్కే. గోడ నుంచి పక్కింటి గున్నమ్మగారి కంచె దాకా టేపు పెట్టి కొలిచాను, పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు వచ్చింది. కంచె పక్కన పనసచెట్టు అడ్డం. చెట్టు జోలికి పోకుండా తొమ్మిది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు దక్కుతుందని నా లెక్క. ఊళ్ళో వాళ్ళందరికీ ఇళ్ళు కట్టిన మేస్త్రీవి, సొంత ఇంటికి ఒక్క గీత గీసిన పాపాన పోలేదు. ఇప్పుడైనా గీయి.

గదికి వీధి వైపు నుంచి వేరే గుమ్మం కావాలి. లోపలే ఒక కొళాయి, చేతులు కడుక్కోవడానికి బేసిను. ఆ కొళాయి మోచేత్తో నెట్టినా తిరిగేదై ఉండాలి. గోడలకు ఛాతీ ఎత్తు దాకా టైల్సు. మంచం పక్కన, మనిషి తల కంటే పైన, గోడలో గట్టి కొక్కెం ఒకటి. నీళ్ళు బయటకు పోవడానికి వాలు. కిటికీకి దోమల వల.

మీ అమ్మకు ఈ సంగతి వినగానే కోపం వచ్చింది. దచ్చినం వైపు గోడ పెంచితే ఇంటికి చేటు వస్తాది, మగోడి మీదకి వస్తాది, ఆడికి నాను సెప్పానని రాయి అంది. రాశాను. మీ అన్నయ్య చొక్కా వేసుకుని బయటకు వెళ్ళిపోయారు. వీధిలో వాళ్ళకు మాత్రం కుట్టుమిషను పెట్టుకుంటానని చెప్పాను. ఆశా కార్యకర్తగా ఊరంతా తిరిగి తిరిగి కాళ్ళు పడిపోయాయి, ఇక కూర్చుని చేసే పని చూసుకుంటానన్నాను. నమ్మినవాళ్ళు నమ్మారు.

హేమ, అమ్మడు బాగున్నారు. అమ్మడు ఒకటో తరగతిలో వాళ్ళ నాన్న పేరు రాయడం నేర్చుకుంది, గోడలన్నీ నీ పేరే. ఒళ్ళు నొప్పులకు నువ్వు మింగే ఆ బిళ్ళలు మానేయి. నా మాట లెక్కలేకపోతే కట్టుకున్న హేమ మీద ఒట్టు. ప్లాను తొందరగా పంపు.

ఇట్లు,
మీ వదిన.


కొత్తపుట్టుగ,
3 డిసెంబరు 2017.

హరీ, ఆశీస్సులు.

నీ ప్లాను అందింది. చదువుకునే రోజుల్లో ఇంత శుభ్రంగా గీసి ఉంటే ఇంజనీరువయ్యేవాడివి. కానీ రెండు మార్పులు చేయాలి. గుమ్మం మీద అటక వేశావు. అటక వద్దు, దుమ్ము పట్టే చోటు ఒక్కటి కూడా ఉండకూడదు. గుమ్మం రెండున్నర అడుగులు పెట్టావు. మూడున్నర పెట్టు. మంచం అడ్డంగా తిప్పకుండా తిన్నగా బయటకు రావాలి.

ఇక నీ ఉత్తరంలో రెండో పేజీ సంగతి. ఇది కుట్టుమిషను గది కాదు వదినా, కవిటిలో ఇలాంటివి నేనే రెండు కట్టాను అని రాశావు. నిజమే, ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఈ ఉద్దానంలో పుట్టినవాడికి ఆ కొక్కెం దేనికో వేరే చెప్పాలా. కిడ్నీలు చెడినవాళ్ళు పొట్టలోని గొట్టానికి మందునీళ్ళ సంచి తగిలించుకుని, ఎక్కించుకుని, మళ్ళీ దించుకునే గది ఇది. రోజుకు నాలుగుసార్లు. కాస్త దుమ్ము పడిందంటే లోపల చీము పడుతుంది. అందుకే ఆ టైల్సు, ఆ కొళాయి. పెళ్ళి సంబంధానికి వచ్చేవాళ్ళు మన ఊళ్ళో ముందు ఇంటి ముఖం చూడరు, ఇంటి పక్క చూస్తారు. పక్కగది కొత్తగా కనిపిస్తే మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోతారు. అందుకే ఒకరు కొట్టు అంటారు, ఒకరు ధాన్యపు గది అంటారు. నేను కుట్టుమిషను అన్నాను.

అన్నయ్యకేనా అని మూడుసార్లు అడిగావు. ఆ సంగతి ఇప్పుడు అడగకు. నా చేత రాయించకు.

ఇక్కడ హేమ కూడా నీలాగే అనుకుంటోంది. నేనేమీ చెప్పలేదు. వారం నుంచి వాళ్ళ బావగారి కూర వేరే గిన్నెలోకి తీసి, ఉప్పు లేకుండా పెడుతోంది. ఆయన ఆ చప్పిడి కూరే తింటున్నారు. చూడలేక వంటింట్లోంచి నేనే లేచి వెళ్ళిపోతున్నాను.

కిటికీ ఎటు పెట్టమంటావని అడిగావు. నువ్వే ఆ మంచం మీద పడుకుంటే ఎటు చూడాలనిపిస్తుందో అటు పెట్టు. అంతకు మించి నాకు తెలియదు.

నిన్న ముగ్గు పోయించాము. పని మొదలయ్యేలోపు నువ్వు గీసిన కొలతలు నేల మీద ఎలా ఉంటాయో చూద్దామని. సాయంత్రం గున్నమ్మగారు కంచె దాటి వచ్చారు. ఏటి కడతన్నారని కూడా అడగలేదు. ఆ ముగ్గు గీత పక్కనే అడుగులు వేసుకుంటూ ఈ మూల నుంచి ఆ మూలకు నడిచారు. మాదీ ఇంతేనే అమ్మా, తొమ్మిదీ పన్నెండూ అన్నారు. వాళ్ళాయన పోయి రెండేళ్ళు. ఆయన గదిలో ఇప్పుడు కొబ్బరికాయలు పోసుకుంటున్నారు. వెళ్తూ వెళ్తూ మీ అన్నయ్య వైపు ఒక చూపు చూసి, తల దించుకుని వెళ్ళిపోయారు.

హరీ, బిళ్ళలు మానేశావా లేదా? దానికి మాత్రం జవాబు రాయలేదు.

ఇట్లు,
వదిన.


కొత్తపుట్టుగ,
14 డిసెంబరు 2017, గురువారం.

ప్రియమైన హరికి,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రేపు పొద్దున్న రైలుకు మీ అన్నయ్యే సోంపేటలో ఎక్కి, విజయనగరంలో దిగి, బస్సులో మీ సైటు దగ్గరకు వస్తారు. ఆయన చేతికే ఇస్తున్నాను.

పునాది తవ్వడం సోమవారం మొదలైంది. మొదలైన గంటకే ఆగిపోయింది. మీ అమ్మ చాప పట్టుకుని వచ్చి ముగ్గు మధ్యలో పరుచుకుని కూర్చుంది. నా పెనిమిటి కట్టిన ఇంటికి దచ్చినం పెంచనివ్వను, తవ్వితే నన్ను తవ్వండి అంది. పనివాళ్ళు పారలు పక్కన పెట్టి బీడీలు ముట్టించారు. మధ్యాహ్నం దాకా బతిమాలాను. అన్నం కూడా అక్కడికే తెచ్చి పెట్టాను, ముట్టలేదు. చివరకు నా చెయ్యి పట్టుకుని కిందకు లాగి, ఎవులికే, నాకు సెప్పు అని అడిగింది. చెవిలో చెప్పాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గున్నమ్మగారి కంచె వైపు చూసింది. తరువాత తనే లేచి చాప చుట్టుకుంది. పడక తలాపు ఎటు వస్తాదని అడిగింది, చూపించాను. అక్కడ ఎండ కొడతాది, కిటికీకి పైన రేకు వెయ్యమను అంది. లోపలికి వెళ్ళి కొబ్బరికాయ తెచ్చి ఈశాన్యం మూల తనే కొట్టింది. అప్పటి నుంచి దక్షిణం మాట ఎత్తలేదు. అమ్మడు వెళ్ళి ఒళ్ళో కూర్చుంటే ఆ పిల్ల తల మీద చెయ్యి తీయడం లేదు.

పునాది రాళ్ళు ఇప్పటికి మూడు వరుసలు లేచాయి. గోడలు నువ్వే కట్టాలని నా కోరిక. అందుకే రాళ్ళ పని అయ్యాక ఆపించాను.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. నేను సబ్‌సెంటరులో పిల్లలకు చుక్కల మందు లెక్క రాసుకుంటుంటే తెచ్చి ఇచ్చారు. అక్కడే చదివాను. అన్నయ్యకు నా కిడ్నీ ఒకటి ఇస్తాను వదినా, నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే కదా, సోమవారం సెలవు పెట్టి ఒక్కడినే విశాఖపట్నం వెళ్ళి సరిపోతుందో లేదో రక్తం చూపించుకుంటాను, హేమకు తెలియనివ్వకు అని రాశావు. రాసుకుంటున్న లెక్క అక్కడే వదిలేసి ఇంటికి వచ్చి మీ అన్నయ్య చేతిలో పెట్టాను. ఆయన చదివి నూతి దగ్గరకు వెళ్ళి గట్టు మీద కూర్చున్నారు. పిలిచినా రాలేదు. చీకటి పడ్డాక వచ్చి, రేపు కాదు ఎల్లుండి నేను ఎల్తాను, ఒక ఉత్తరం రాసి ఇయ్యి అన్నారు.

రాశాను. హేమ నీకు జంతికలు పంపింది, సంచిలో ఉన్నాయి. వాటిలోనూ ఉప్పు తక్కువే వేయించాను, ఏమీ అనుకోకు.

నీ మంచి కోరే,
వదిన అనూరాధ.

తా.క.: హరీ, మీ అన్నయ్య ఒంట్లో ఏ జబ్బూ లేదు.

దసరాకు నువ్వు వచ్చినప్పుడు బడిలో కిడ్నీలకు రక్తపరీక్షలు పెట్టారు కదా, అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కూర్చుని ఇచ్చారు. ఊరి కాగితాలన్నీ ముందు నా చేతికే వస్తాయి. ఆయనది బాగానే వచ్చింది. నీది బాగా రాలేదు. నమ్మలేక, దీపావళికి నువ్వు మళ్ళీ వస్తే మలేరియా పరీక్ష అని నీకు అబద్ధం చెప్పి మళ్ళీ తీయించాను. రెండోసారి జబ్బు ఇంకా ఎక్కువ చూపించింది. గొట్టం వేయడానికి ఇక ఎన్నాళ్ళో పట్టదని డాక్టరు చెప్పారు. ఆ గది నీకు.

పేరు విన్న రోజునే మంచం పట్టేసినవాళ్ళను నేను ఈ ఊళ్ళో చాలామందిని చూశాను. గది లేచి, నీ చేత్తో గోడలు కట్టుకున్నాక మెల్లగా చెబుదామనుకున్నాను. నువ్వు మీ అన్నయ్యకని అనుకుంటే అనుకోనిచ్చాను. తప్పు నాది, మీ అన్నయ్యది కాదు. కానీ అన్నకు ఇద్దామని వెళ్ళి, తెలియని ఊళ్ళో, తెలియని డాక్టరు నోట, ఒక్కడివీ ఈ మాట వినకూడదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నిన్నటి నుంచి కూర్చున్నాను.

నువ్వు ఇది చదివే వేళకు ఆయన నీ ఎదురుగా కూర్చుని ఉంటారు. నోటితో చెప్పడం తన వల్ల కాదన్నారు. సోమవారం మీరిద్దరూ కలిసే విశాఖపట్నం వెళ్ళండి. సరిపోతుందో లేదో రక్తం చూపించుకునేది ఆయన. నాకు భయంగానే ఉంది, ఒకే ఇంట్లోంచి ఇద్దరిని ఆ ఆపరేషను బల్ల మీదకు పంపడానికి నా గుండె ఒప్పుకోవడం లేదు. ఆ మాట ఆయనతో అన్నాను. నీ ఉత్తరం నా ముందు పెట్టి, ఆడు నాకిస్తానన్నాడు కదా, నాను ఆడికి ఇవ్వకూడదేటి అని అడిగారు. లేచి ఆయన బట్టలు సంచిలో సర్దాను.