దేవునికి పెట్టిన నాలుగవ అర్జీ

అంతోనిపురం, చంద్రగిరి తాలూకా
24–3–1976

పై అధికారివారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గుడిలో ప్రార్థన చదివిన నేరానికి నిర్బంధములో ఉన్న నా తమ్ముడు బి. రాయప్ప, వయస్సు 41, ఉబ్బస రోగి, విడుదల గురించి.

తాలూకా కచ్చేరి గేటు పక్కన ఇరవై రెండేండ్లుగా అర్జీలు రాసి బతుకుచున్న బి. చౌరప్ప మిక్కిలి వినయముతో మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా ఊరి కతోలిక గుడిలో పదేండ్ల కిందటి దాకా పూజ లతీను భాషలో జరిగేది. ఎనిమిదో ఏట నుండి పీఠం దగ్గర సేవ చేసినవాడిని కనుక జవాబులన్నీ నాకు నోటికి వచ్చు. అర్థం ఒక్కటీ రాదు. తరువాత రోము నుండి ఉత్తర్వు వచ్చి పూజ తెలుగులోకి మారింది. వంకాయలు బేరమాడే భాషలో దేవుణ్ణి పలకరించరాదని బిషపుగారికి అర్జీ పెట్టినవాడిని నేనే. అప్పటి నుండి పూజకు పోతాను గానీ వాకిలి దాటి లోపలికి పోను. లతీనే ఉండి ఉంటే ఆ ఆదివారం వెనక నిలబడి రాసుకున్న మఫ్టీ పోలీసు మనిషికి ఏమీ అర్థమయ్యేది కాదు. మాకూ అయ్యేది కాదు. అందరం క్షేమంగా ఉండేవాళ్లం.

2. తెలుగు పూజలో విశ్వాసుల ప్రార్థన అని ఒక భాగం ఉన్నది. ప్రసంగం అయినాక ఒకరు లేచి లోకుల కష్టాలు ఒక్కొక్కటిగా చదువుతారు. తక్కినవారు "ప్రభువా, మా మనవి ఆలకింపుము" అంటారు. రోగుల కోసం, వానల కోసం అని పైపైన చదివి ముగించడం వాడుక.

3. రైలు పట్టాలు చూసే గ్యాంగుమన్ గోవిందస్వామి మా పక్కింటివాడు, హిందువు. రెండేండ్ల కిందటి సమ్మెలో ఉన్నాడు. జనవరి 19న జీపులో తీసుకుపోయినారు, ఏ నేరమో చెప్పలేదు. ఎమర్జెన్సీ వచ్చాక రైళ్లు వేళకు నడుస్తున్నాయని మొన్న సభలో పెద్దలు సెలవిచ్చినారు. నిజమే. పట్టాలు చూసే మనిషి మాత్రం ఇల్లు చేరలేదు. అతని భార్య మునిలక్ష్మి తరపున మూడు అర్జీలు రాసినాను. జవాబు లేదు. అప్పుడామె నా బల్ల ముందు కూలబడి అన్నది: "సౌరన్నా, మూడు కాయితాలూ యాడ పోయినాయో తెలీదు. కొండకు మొక్కుకున్న్యాను గానీ, ఆ సామి దగ్గిర నాలాంటోళ్లు లచ్చమంది ఉండారు. మీ సామికి గూడా ఒగటి రాయి. ఆడ రద్దీ తక్కవ."

4. ఇక్కడే నా వల్ల పొరపాటు జరిగింది. పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీ లేని అర్జీని ఏ కచ్చేరీ తీసుకోదు. నా వృత్తి నాకు నేర్పినది అదొక్కటే. "చెరలో ఉన్నవారి కోసం" అని ఒక ముక్క రాస్తే సరిపోయేది. నేను గోవిందస్వామి తండ్రి పేరు, పట్టుకుపోయిన వేళ, జీపు నంబరు, మునుపటి మూడు అర్జీల తేదీలు అన్నీ రాసినాను. లోపలికి పోను కనుక కాగితం రాయప్పకు ఇచ్చినాను. వాడు మార్చి 7 ఆదివారం పూజలో గట్టిగా చదివినాడు. జీపు నంబరుకు కూడా జనం "ఆలకింపుము" అన్నారు. అంతకు ముందే దేశాన్ని ఏలేవారి ఆరోగ్యం కోసం చదివిన ప్రార్థనను మాత్రం మఫ్టీ మనిషి రాసుకోలేదు.

5. మరునాడు పొద్దున రాయప్ప కోసం వచ్చినారు. ఎవరు రాసినారని అడిగితే వాడు, "నేనే సార్, బుద్ధి గడ్డి తినింది" అన్నాడు. నేను రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. అర్జీలో ఇటువంటి మాట రాయకూడదని నాకు తెలుసు. నేను పిరికివాణ్ణి అయ్యా.

6. మొన్న శనివారం వాని భార్య ఆరోగ్యమ్మ చూసి వచ్చింది. మాత్రలు లోపలికి పోనివ్వలేదు. "కూసోనే నిద్రపోతాడంట బావా. పండుకుంటే ఊపిరాడదంట. నువ్వు రాసినట్టు యాడా సెప్పగూడదని నాతో ఒట్టేయించుకున్న్యాడు" అని చెప్పి, ఆ ఒట్టును నా ముందే తప్పినందుకు ఏడ్చింది.

7. గుడిలో మోకరించినవారు ఏ సెక్షను కింద బహిరంగ సభ అవుతారో నాకు తెలియదు. చదవడం నేరమైతే "ఆలకింపుము" అన్న నలభై ఆరుగురూ నేరస్థులే. రాయడం అంతకంటే పెద్ద నేరం. రాయప్ప చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. తాము స్వాధీనం చేసుకున్న కాగితాన్ని ఈ అర్జీ పక్కన పెట్టి చూడవలెను. రెండూ ఒకే చేతివి.

కావున నా తమ్ముణ్ణి విడిచి నన్ను తీసుకొనవలెనని ప్రార్థన. నా రొమ్ము గట్టిది, జైలు గాలికి తట్టుకుంటాను. జీపు అవసరం లేదు, కబురు పంపితే నడిచి వస్తాను. ఈ మనవి త్వరగా చిత్తగించవలెను. ఆలస్యమైతే విడుదల చేయడానికి మనిషి ఉండడు.

తమ విధేయుడు,
బి. చౌరప్ప

తా.క. ఆదివారం ప్రార్థన చదవడానికి ఎవరూ ముందుకు రావడం లేదు. నేను చదువుతానన్నాను. ఫాదరుగారు, "పేర్లు వద్దు చౌరప్పా, నీకు దండం పెడతాను" అన్నారు. శనివారం సాయంత్రం లోపల రాయప్ప ఇల్లు చేరితే పేరు అవసరం రాదు. చేరకపోతే వాకిలి దాటి పోయి, వాని పేరు, మా నాయన పేరు, తీసుకుపోయిన తేదీ, రాత్రిళ్లు కూర్చుని నిద్రపోయే సంగతి అన్నీ చదువుతాను. పూజ ఏడున్నరకు. తమ మనిషికి ముందు బెంచీలో చోటు ఉంచుతాము. నాకు భయంతో గొంతు పెగలదు, వెనక నిలబడితే వినపడదు.