ఉన్నా సరే, లేకపోయినా సరే

నాన్నగారికీ, ఈ ఉత్తరం పైకి చదివి వినిపిస్తున్న అమ్మకీ నమస్కారాలు. నేనిక్కడ బాగానే ఉన్నాను, మీరూ బాగున్నారనే అనుకుంటున్నాను. అమ్మా, ఈ ముక్క మింగేసి ముందుకు పరిగెత్తకు, నాన్నకి పూర్తిగా చదువు.

నాన్నా, మీరు చేత్తో తడుముతూ కుట్టి పంపిన దిండు గలీబులు అందాయి. కొలత పెట్టినట్టు సరిపోయాయి.

పోయిన ఉత్తరంలో మీరు రెండు ప్రశ్నలు రాయించారు. నా పరిశోధన ఒప్పుకున్నారా అన్నది మొదటిది. ఒప్పుకోలేదు. ఒళ్ళు మండిపోతోంది. ఇన్నాళ్ళ నా కష్టం మీద మా గైడుగారు ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, "రెంటిలో ఏదో తేల్చుకుని రామ్మా" అన్నారు.

సంగతేమిటంటే, ఏ మాటైనా నిజమన్నా కావాలి, కాకపోతే అబద్ధమన్నా కావాలి. మూడో దారి లేదు. లెక్కలకి ఇదొక పునాది రాయి. నేనొక రకం సంఖ్య ఉందని నిరూపించాలి. ఒక మాట నిజమైతే, నా చేతిలో ఉన్న సంఖ్యే నేను వెతికేది. అబద్ధమైతే, ఆ సంఖ్యతో తయారయ్యే ఇంకో సంఖ్య నేను వెతికేది. ఎటు తిరిగినా అలాంటిది ఒకటి ఉన్నట్టే కదా! ఇక ఆ మాట నిజమో అబద్ధమో నాకెందుకు? ఎన్నో పెద్ద పెద్ద సిద్ధాంతాలు ఇలాగే నిరూపించారు. మా గైడుగారు మాత్రం ఈ దారిని నమ్మని కొద్దిమందిలో ఒకరు. నా ఖర్మకి ఆయనే దొరికారు.

"దొంగ ఇంట్లోనే ఉన్నాడు, వంటింట్లోనో పడగ్గదిలోనో తెలీదంటే ఏ పోలీసైనా ఊరుకుంటాడా?" అని నవ్వారు.

"ఇంట్లో ఉన్నాడని తేలింది కదండీ, వీధి తలుపు మూసేస్తే సరి" అన్నాను.

"నోరు మాత్రం బాగా పనిచేస్తుంది" అన్నారు. గదికొచ్చి కోపం పట్టలేక ఏడ్చాను.

ఇక రెండో ప్రశ్న. మీ చూపు తీసేసిన జబ్బు నాకూ వస్తుందో లేదో తేల్చే రక్తపరీక్ష. "కొలత తియ్యకుండా గుడ్డకి కత్తెర పెట్టకూడదు, ఉందో లేదో ముందు తెలుసుకో" అన్నారు. దర్జీ కూతుర్ని, ఆ మాట నాకు కొత్తా? ఇక్కడ గైడుగారు "రెంటిలో ఏది?" అంటారు, అక్కడ మీరు "ఉందా, లేదా?" అంటారు. ఇద్దరూ కలిసి నన్ను బతకనివ్వరా?

అమ్మా, ఇక్కడ గొంతు వణకనివ్వకు. నేను పరీక్ష చేయించుకోలేదు. ఆస్పత్రి మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చేశాను. భయం వేసింది నాన్నా. ఉందని తెలిస్తే, దీపం కాస్త మసగ్గా వెలిగినా నా గుండె ఆగిపోతుంది.

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సాయంత్రాలు చూపులేనివాళ్ళ బడికి వెళ్ళి, మీరు వేళ్ళతో చదివే ఆ చుక్కల రాత నేర్చుకుంటున్నాను. అదీ నన్ను ఏడిపిస్తోంది. మీవి గుడ్డ తడిమి రకం చెప్పే వేళ్ళు, నావి సుద్దముక్క పట్టిన మొద్దు వేళ్ళు. చుక్కలన్నీ ఆవగింజల్లా ఒకేలా తగులుతున్నాయి. అయినా మానను. జబ్బు ఉంటే, ఆ రాత నాకు కావాలి. లేకపోతే, మీకు ఉత్తరాలు రాయడానికి కావాలి. ఇన్నేళ్ళుగా నేను రాసిన ప్రతి మాటా మీరు అమ్మ గొంతులోనే విన్నారు. ఉన్నా సరే, లేకపోయినా సరే, నేను చేయాల్సింది ఒకటే. దీన్ని మాత్రం ఏ గైడుగారూ కొట్టెయ్యలేరు.

పరీక్షకి ఎప్పుడు వెళ్ళాలో నేనే చూసుకుంటాను, తొందరపెట్టకండి.

అమ్మా, దీంతోపాటు పెట్టిన దళసరి కాగితం నువ్వు చదవలేవు. నాన్న చేతికివ్వు. చుక్కలు తప్పుగా పొడిచి ఉంటే తిట్టుకోమను. నా సంతకం కూడా అందులోనే ఉంది. ఈ ఒక్కసారికి ఆయన చదువుతారు, నువ్వు విను.

ఇట్లు,
మీ మొండిఘటం కూతురు