మందుల ఆవిడ ఏ గుమ్మంలోంచి రావాలి

సలిమో,

నువ్వు లేచేసరికి నేను కర్రపెండలం చేనులో ఉంటాను. మందుల సంచీతో అతీజా వస్తుంది. వీధి గుమ్మంలోంచి రానివ్వకు, పెరటి వైపు నుంచి తీసుకురా. ఎవరైనా అడిగితే ఎండుచేపలు అమ్మడానికి వచ్చిందని చెప్పు. దోమజ్వరం రాకుండా ఇచ్చే మూడు మాత్రలూ నేను ఆవిడ కళ్లముందే మింగాలట, అందుకని నేనొచ్చేదాకా కూర్చోబెట్టు.

నాకు నాలుగో నెలని నీకూ అతీజాకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. నిన్న బావి దగ్గర పక్కింటి మ్వానషా, "పుల్లటి మామిడికాయలు పంపనా వదినా?" అంది. ఊరికే అంటుందా? మీ అక్క చెవిన వేశావు కదూ, ఆవిడ మ్వానషాకి చేరవేసింది. అడిగితే "నాకేం తెలుసు" అని చూరు వంక చూస్తావు. మ్వానషావి దిష్టి కళ్లు. ఆమె కాయలు పంపితే గడప దాటనివ్వకు.

ఇంకో మాట. కిందటిసారి ఎవరి కంటా పడకుండా దాచాం, అతీజాకి కూడా చెప్పలేదు. మాత్రలు రాలేదు. జ్వరానికి మాత్రం ఎవరూ చెప్పకుండానే మన ఇల్లు తెలిసింది, బిడ్డను తీసుకుపోయింది. పైన రాసింది కొట్టెయ్యి. అతీజాను వీధి గుమ్మంలోంచే రమ్మను. మ్వానషా చూస్తే చూడనీ.